నాలుగో వరసలో దెబ్బ

"తల మీద చెయ్యి పడాలి మోళే. అదొక్కటే తరువాయి," అన్నాడు కణారన్, ఏనుగు భంగిమలో నడుం వంచి ఉండగానే. "మిగతాదంతా వచ్చేసినట్టే."

ప్రసీత ఉత్తరాల సంచీ భుజం మీంచి దించి అరుగు చివర కూర్చుంది. ఆ ఇంటికి ఉత్తరం ఉన్నా లేకపోయినా ఆమె రోజూ ఆగుతుంది. కణారన్ ఆమెని కూతుర్ని పిలిచినట్టు మోళే అంటాడు, ఆమె అతన్ని అన్నని పిలిచినట్టు ఏట్టా అంటుంది. కోలత్తుకడవులో సగం ఊరు తిరిగాక కాళ్ళు చాపుకోనిచ్చే అరుగు అదొక్కటే. కణారన్ ఎదురుగా పీట, పీట మీద బియ్యం కొలిచే ఇత్తడి మానిక, మానికకి ఆనించిన ఫోను, పక్కన వెలుగుతున్న దీపం. ఫోనులో ఎవరో అమ్మాయి పళ్ళపొడి గొప్పతనం చెబుతోంది.

"ప్రకటన వస్తోంది కదా కణారేట్టా. కాస్త నిటారుగా నిలబడొచ్చుగా."

"గురువు సెలవివ్వందే భంగిమ వదలకూడదు."

"అయితే ఆ మూల నొక్కండి, పోతుంది."

"గురువు మొహం మీద వేలెట్టి నొక్కమంటావా? అదీ నేలంతా తాకిన చేత్తో?"

వంటింట్లోంచి కణారన్ భార్య దేవూట్టి వచ్చింది. కొమ్ముచెంబుతో చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, చూపుడువేలితో ఫోను మూల నొక్కింది. "ఈ ఇంట్లో గురువుని ముట్టుకోడానికి నా చెయ్యొక్కటే పనికొస్తుంది," అంది ప్రసీతతో. "గంజి పొంగుతోందన్నా సరే, పరిగెత్తుకు రావాలి. ఆయనేమో పాఠానికి నాలుగుసార్లు పళ్ళపొడి అమ్ముకుంటాడు."

పళ్ళపొడి అమ్మాయి పోయి, కసరత్తు నేర్పే తెల్లగెడ్డం గురువు రైరు గురుక్కళ్ మళ్ళీ వచ్చాడు. కణారన్ మొహం విచ్చుకుంది.

అరవై రెండేళ్ళ కణారన్ జీవితంలో ఎవరి దగ్గరా ఏదీ నేర్చుకున్నవాడు కాడు. తండ్రి కూర్గు కాఫీ తోటలకి వెళ్ళి తిరిగి రాలేదు. తొమ్మిదో ఏట పొరుగాయన కొబ్బరిచెట్టు ఎక్కుతుంటే కింద నిలబడి అతని అరికాళ్ళు చూసి ఎక్కడం నేర్చుకున్నాడు. దిగడం చూడటం మర్చిపోయాడు గనక మొదటిరోజు సాయంత్రం దాకా మొవ్వలోనే కూర్చున్నాడు. ఈత, పడవలోంచి పడిపోయి నేర్చుకున్నాడు. చదువు బస్సుల నుదుటి పలకలు చూసి నేర్చుకున్నాడు. అందుకే ముప్పై ఏళ్ళు వచ్చేదాకా ఊళ్ళ పేర్లు తప్ప మరో మాట చదవలేకపోయాడు. నలభై అయిదేళ్ళు చెట్లెక్కి కాయ దింపాడు. ఈలోగా చెట్టెక్కే మిషను వచ్చింది, మోకాళ్ళలో గుజ్జు పోయిందని డాక్టరు చెప్పాడు, కణారన్ నేల మీదకి వచ్చేశాడు. నేల మీద ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

"ఎవరి శిష్యుడివి అని అడిగితే చెప్పడానికి నాకు ఒక్క మనిషి పేరు లేదు మోళే," అన్నాడొకసారి ప్రసీతతో. "మంగలి రామన్‌కి కూడా గురువున్నాడు. ఏటా వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టి వస్తాడు. నేను ఎవరి కాళ్ళకి పెట్టను? ఆ చెట్టుకా?"

చిన్నప్పుడు కసరత్తు, కర్రసాము నేర్పే కళరి గోడకి ఉన్న సందులోంచి కుర్రాళ్ళని చూసినవాడే. ఇప్పుడు తీరిక దొరికిందని ఊళ్ళో కళరికి వెళ్ళి నేర్పమని అడిగాడు. అక్కడాయన మర్యాదగానే చెప్పాడు: "ఏడేళ్ళ పిల్లలకి మేం నడుముకి కచ్చ కడతాం. అరవై రెండేళ్ళవాళ్ళకి మోకాలికి కట్టు కడతాం. కట్టు కావాలంటే కూర్చోండి."

కణారన్ కూర్చోలేదు. ఫోను కొన్నాడు.

ఫోనులో రైరు గురుక్కళ్ దొరికాడు. పద్దెనిమిది పాఠాలు, పద్దెనిమిది కసరత్తు వరసలు. కణారన్ మొదటిరోజు పద్ధతి తప్పలేదు. తమలపాకులో వక్క, ఒక నాణెం పెట్టి ఫోను ముందు ఉంచి సాష్టాంగపడ్డాడు. లేచేసరికి పక్కింటి మేక ఆకు తినేసి వక్క నములుతోంది. మర్నాడూ అంతే. మూడోరోజు నుంచి దక్షిణ మానేసి ఒట్టి దణ్ణంతో సరిపెట్టాడు. ఆ వెలితి అతని మనసులో ముల్లులా ఉండిపోయింది. దక్షిణ గురువు చేతిలో పడాలి, గురువు చెయ్యి తల మీద పడాలి. అప్పుడే శిష్యుడు. అప్పటిదాకా సందులోంచి చూసే కుర్రాడే.

కళరి అంటే నేలలోకి తవ్విన గొయ్యి కదా అని, మే నెలలో వంటింటి వెనక తనే పలుగు పట్టి నడుంలోతు గొయ్యి తవ్వాడు. తూర్పు వైపు మెట్లు కూడా పెట్టాడు. జూన్‌లో వాన పడింది. వారంలో గొయ్యి నిండింది, దేవూట్టి నాలుగు బాతుల్ని కొని వదిలింది. ఆగస్టులో ప్రసీతే పంచాయతీ ఉత్తరం పట్టుకొచ్చింది. గృహస్థు సొంత ఖర్చుతో చేపల చెరువు తవ్వినందుకు అభినందనలు, అయిదువందల చేపపిల్లలు మంజూరు అయ్యాయి, సంచీ తెచ్చుకుని తీసుకెళ్ళవలసింది. కణారన్ ఆ ఉత్తరం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "కళరిలో చేపలేమిటి మోళే," అన్నాడు నీరసంగా. దేవూట్టి అప్పటికే సంచీ వెతుకుతోంది.

అప్పటి నుంచి సాధన అరుగు మీదికి మారింది. నెలాఖరుకి ఫోనులో నెట్టు అయిపోయేది. అప్పుడు గురుక్కళ్ చెప్పే మాటలు దేవూట్టి చెప్పేది. ఎనిమిది నెలలు చెవినపడి ఆమెకి కంఠతా వచ్చేశాయి. "కుడికాలు ముందుకి, వంగి, చెయ్యి నేలకి, లేచి, ఆ పచ్చిమిరపకాయలు ఇటు అందించండి, తిరిగి, కాలు చాచి" అని కొబ్బరి కోరుతూనే చెప్పేది. అతను మిరపకాయలు అందించి తిరిగేవాడు.

అన్నిటికన్నా అతనికి ప్రాణం నాలుగో వరస. అందులో గురుక్కళ్ కిందికి వంగి, లేస్తూ లేస్తూ, ఎడమ తొడ మీద అరచేత్తో టప్పున ఒక్కటి కొడతాడు. నోటితో దాని గురించి చెప్పడు. మిగతా పదిహేడు వరసల్లో ఎక్కడా లేదు, ఆ ఒక్కచోటే ఉంది.

"చెప్పలేదంటే అర్థం కాలేదా?" అన్నాడు టీకొట్టు పోకర్, ఆ సంగతి విన్నరోజున. ఇసక పడవల మీద పనిచేసిన కాలంలో పోకర్ చాలామంది గురుక్కళ్‌లకి టీ పోశాడు, ఆ అధికారంతో మాట్లాడతాడు. "అసలు కీలకం ఏ గురువూ నోటితో చెప్పడు. ఒక్కసారి చూపిస్తాడు. పట్టుకున్నవాడిది. అది మర్మం దెబ్బ. తొడ నరం మీద కొడితే మోకాలికి రక్తం దూకుతుంది."

"నిజంగానే పోకర్ ఇక్కా, కొట్టాక మోకాలు తేలిగ్గా ఉంటోంది," అన్నాడు కణారన్.

ఆ వారం నుంచి టీకొట్టు బల్ల మీంచి లేచే ప్రతి ముసలాయనా ఎడమ తొడ మీద ఒక్కటిచ్చుకుని లేవడం మొదలెట్టాడు. పదిగంటల బస్సు వచ్చే వేళకి ఆ కొట్టు ముందు నిలబడితే చప్పట్లు కొడుతున్నట్టే ఉండేది. మొదట్లో ప్రసీతకి నవ్వొచ్చేది. తర్వాతర్వాత, సైకిలు దిగేముందు తన చెయ్యీ తొడ మీద పడుతోందని గమనించి నవ్వడం మానేసింది.

ఇప్పుడు పద్దెనిమిది వరసలూ అయిపోయాయి. తర్వాతది కర్ర. కణారన్ చెరుకంత పొడుగు వెదురు కోసి, చెక్కి, నెల్లాళ్ళు నూనె పట్టించి చూరులో పెట్టాడు. కానీ కర్ర పాఠం మొదట్లోనే గురుక్కళ్ గట్టిగా చెప్పాడు: "గురువు చెయ్యి తల మీద పడనివాడు కర్ర ముట్టుకోరాదు." తన తల మీద చెయ్యి పెట్టమని కణారన్ దేవూట్టి వేలితో పాఠం కింద ఒక మాట రాయించాడు. రెండురోజులకి అట్నుంచి ఎర్రటి గుండె బొమ్మ ఒకటి వచ్చింది. ఆ గుండె, తల మీద చెయ్యితో సమానమా కాదా అని టీకొట్టులో మూడురోజులు వాదన జరిగింది. ఏకాభిప్రాయం కుదరలేదు.

"అందుకే అంటున్నా," అన్నాడు కణారన్ భంగిమ వదిలి, చెమట తుడుచుకుంటూ. "తల మీద చెయ్యి పడాలి. ఆయనేమో ఫోనులో ఉన్నాడు."

ప్రసీత ఫోను వైపు వంగి చూసింది. గురుక్కళ్ వెనక గోడ మీద నూనె సీసాల వరస, వాటి మీద ఆకుపచ్చ చీటీలు.

"ఈ సీసాలు నాకు తెలుసు కణారేట్టా. నెలకి రెండు పార్సిళ్ళు నేనే ఇస్తా, ఆసుపత్రి వెనక వాళ్ళింటికి. పంపేవారి చిరునామా ఉంటుంది. రెండు బస్సులు మారితే వస్తుంది ఊరు."

ఎనిమిది నెలలుగా కణారన్ గురువు ఏ హిమాలయాల పక్కనో ఉన్నాడన్న లెక్కలో ఉన్నాడు. "రెండు బస్సులేనా," అన్నాడు కాస్త నిరాశగా.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. కణారన్ తెల్ల పంచె కట్టి, తమలపాకులు తడిగుడ్డలో చుట్టి, వక్క, రూపాయి నాణెం చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కర్ర కూడా తెస్తానంటే దేవూట్టి ఒప్పుకోలేదు. "చెయ్యి పడకుండానే కర్రతో వెళ్తే కొట్టడానికి వచ్చారనుకుంటారు."

రైరు గురుక్కళ్ కళరి నిజం గొయ్యి. లోపల ముప్పై నలభైమంది పిల్లలు ఒంటినిండా నూనెతో గాలిలోకి ఎగురుతున్నారు. కణారన్ గడప ముందు నిలబడి, కుడికాలు లోపల పెట్టి, నేల తాకి కళ్ళకద్దుకున్నాడు. అరవై అడుగుల చెట్టు మీద కూడా అతను అంత జాగ్రత్తగా కాలు పెట్టి ఉండడనిపించింది ప్రసీతకి.

"మీరు కట్టు కోసమా?" అన్నాడు గురుక్కళ్. ఫోనులో కన్నా పొట్టిగా ఉన్నాడు.

"కాదు గురుక్కళే. నేను మీ శిష్యుణ్ణి. అంటే, మీరింకా ఒప్పుకోలేదు. ఎనిమిది నెలలైంది."

సంగతంతా ప్రసీత చెప్పాల్సి వచ్చింది. గురుక్కళ్ అడ్డు తగలకుండా విని, పిల్లల్ని గోడవారకి జరగమన్నాడు. "చేసి చూపించండి."

కణారన్ చేశాడు. జీవితమంతా చెట్టుని కాళ్ళతో కౌగిలించుకున్నవాడు, నేల మీదకి అలా దిగిపోతుంటే పిల్లలు గుసగుసలు మానేశారు. మొదటి వరస, రెండు, మూడు. గురుక్కళ్ గెడ్డం నిమురుకోవడం ఆపాడు. "ఇంకా కిందికి. ఆఁ. నువ్వు ఏం పని చేసేవాడివి?" అన్నాడు.

మీరు పోయి నువ్వు వచ్చింది. ప్రసీత కణారన్ మొహం చూసింది. అతనా మాట విన్నాడు.

నాలుగో వరసలో వంగి, లేస్తూ, ఎడమ తొడ మీద టప్పున కొట్టాడు.

గోడవార ఎవరో కిసుక్కున నవ్వారు.

"మళ్ళీ," అన్నాడు గురుక్కళ్.

మళ్ళీ చేశాడు. టప్పున కొట్టాడు.

"ఇదేమిటి?"

"నాలుగో వరసలో దెబ్బ గురుక్కళే," అన్నాడు కణారన్ గొంతు తగ్గించి. "మీరు నోటితో చెప్పలేదు. అర్థమైంది. నేనూ ఎవరికీ చెప్పలేదు." టీకొట్టు సంగతి గుర్తొచ్చి, "ఎక్కువమందికి చెప్పలేదు," అని సరిదిద్దుకున్నాడు.

గురుక్కళ్ కళ్ళజోడు తెప్పించుకుని ప్రసీత ఫోనులో తన పాఠం తనే చూసుకున్నాడు. పళ్ళపొడి అమ్మాయి వస్తే ఓపిగ్గా ఆగాడు. మూడుసార్లు చూశాక కళ్ళజోడు తీసి మడిచాడు.

"ఇది కిందటేడు వానల్లో మా మేనల్లుడు తీసింది," అన్నాడు. "దోమ."

"ఏమిటి?"

"దోమ కుట్టింది. కొట్టాను."

పిల్లలెవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి ఇద్దరు గోడ వైపు తిరిగారు.

"కనిపించలేదు గురుక్కళే," అన్నాడు కణారన్.

"దోమ కనపడేంత మంచి ఫోను కాదు అది."

కణారన్ తల వంచుకుని ఆలోచించాడు. "చచ్చిందా?"

"లేదు. తప్పించుకుంది."

"అనుకున్నా," అన్నాడు కణారన్ నెమ్మదిగా. "ఆ దెబ్బ వేసినప్పుడల్లా నాకు ఏదో వెలితిగానే ఉండేది."

గురుక్కళ్ కళ్ళజోడు పక్కన పెట్టాడు. తర్వాత చెయ్యి చాచాడు. కణారన్ తమలపాకు, వక్క, నాణెం ఆ చేతిలో పెట్టాడు. గురుక్కళ్ చెయ్యి మాత్రం తల మీదికి రాలేదు.

"ఇది పుచ్చుకుంటే నీ తప్పులు నావవుతాయి. నా తప్పేమో ముందే నీ ఒంట్లో కూర్చుంది. అలా కాదు." ఆయన నైరుతి మూల పూజ చేసే మెట్ల దిమ్మె దగ్గరికి వెళ్ళి, అంచున వక్క, నాణెంతో సహా ఆకు పెట్టాడు. "పుచ్చుకోలేదు, వెనక్కీ ఇవ్వలేదు. ఈ ఆకు ఎండిపోయే లోపల వచ్చి, చెయ్యి తొడ మీదికి పోకుండా పద్దెనిమిదీ చెయ్యి. అప్పుడు చూద్దాం. ఎండిపోయిందా, ఇక ఫోనే నీ గురువు."

తిరుగు బస్సులో కణారన్ కిటికీ పక్కన కూర్చున్నాడు. దిగేముందు లేస్తూ తొడ మీద కొట్టుకుని, తన చెయ్యి వంక తనే చూసుకున్నాడు, ఎవరిదో చెయ్యి అన్నట్టు.

సోమవారం ప్రసీత వెళ్ళేసరికి అరుగు మీద యుద్ధం నడుస్తోంది. దేవూట్టి అతని కుడిచేతిని తన పాత కండువాతో నడుముకి కట్టేసి వరస చెబుతోంది. నాలుగోదాంట్లో ఎడమ చెయ్యి లేచి కొట్టింది. రెండు చేతులూ కడితే ముందుకి పడబోయాడు. చివరికి ఆమె అతని అరచేతిలో బాతుగుడ్డు పెట్టింది. "కొడితే పగులుతుంది. చూసుకోండి మరి."

మూడు గుడ్లు అతని తొడ మీదే పగిలాయి. నాలుగోది ఇవ్వనంది దేవూట్టి. "పొదగడానికి పెట్టుకున్నవి. ఈయన గురుభక్తికి నా బాతుల వంశం పోవాలా?"

దోమ సంగతి టీకొట్టుకీ చేరింది. పోకర్ నమ్మలేదు.

"నలభైమంది పిల్లల ముందు గురువు కీలకం బయటపెడతాడా? దోమ అన్నాడంటే దాచాడన్నమాట. అది నీకు పరీక్ష కణారా. మానేశావంటే ఓడిపోయినట్టే. ఆమాటకొస్తే నువ్వు మానేస్తే మా మోకాళ్ళ గతేమిటి?"

బల్ల మీది ముసలివాళ్ళంతా తలలూపి, టప్‌మని కొట్టుకుని లేచారు.

మంగళవారం కణారన్ సాధన చెయ్యలేదు. ఫోను ముందు దీపం వెలిగించి, గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. ప్రసీతకి అతన్నలా చూడటం కొత్త. సంచీ దించి పక్కన కూర్చుంది.

"దోమ అయితే కొట్టకూడదు. కీలకమైతే కొట్టి తీరాలి," అన్నాడు. "ఏది తప్పినా తల మీద చెయ్యి పడదు. నువ్వేమంటావు మోళే?"

"నేను అక్కడే ఉన్నా కదా కణారేట్టా. ఆయన దాస్తున్నట్టు నాకనిపించలేదు. సిగ్గుపడుతున్నట్టు అనిపించింది."

అతను చెరువు వైపు చూశాడు. చేపలు నోళ్ళు తెరుస్తున్నాయి, బాతులు మునుగుతున్నాయి. "ఇన్నేళ్ళూ ఏది నేర్చుకున్నా, నేను చూసిందే నమ్మాను," అన్నాడు. "చెప్పేవాడు లేడు గనక. ఇప్పుడొకడు చెప్పాడు. చెప్పింది నమ్మకపోతే గురువెందుకు, ఫోను చాలు. దోమే. ఖాయం."

"మరింకేం."

"నాకు ఖాయమే. చేతికి చెప్పాలి."

లేచాడు. చెయ్యి తొడ మీద పడింది. దేవూట్టి లోపలినుంచి, "విన్నాను," అంది.

బుధవారం పొద్దున్న ప్రసీతకి పెద్ద పోస్టాఫీసులో నెలవారీ సమావేశం. బస్సుకి పోతూ అరుగు దగ్గర ఆగింది. కణారన్ అప్పటికే తడిసి ముద్దయ్యాడు. దేవూట్టి పీట మీద కూర్చుని, చేతిలో గరిటె పట్టుకుని లెక్క చూస్తోంది.

"పదిసార్లకి మూడుసార్లు ఆగింది," అంది ప్రసీతతో. ఆమె గొంతులో గర్వం దాచినా దాగలేదు. "నిన్న ఒక్కసారి కూడా ఆగలేదు."

"నాలుగోది వచ్చేముందు దేవూ, 'దోమ లేదు, దోమ లేదు' అంటోంది," అన్నాడు కణారన్ రొప్పుతూ. "అలా అంటే ఆగుతోంది. కానీ ఇంకో అయిదారు రోజులు పడుతుంది మోళే. ఈ ఎండకి ఆకు అప్పటిదాకా ఆగుతుందా?"

"ఇప్పటికే అంచులు ముడుచుకుని ఉంటాయి," అంది దేవూట్టి.

కణారన్ అరుగు దిగి ప్రసీత సైకిలు దాకా వచ్చాడు. అతను ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు. అందుకే ఎక్కడ మొదలెట్టాలో తెలియక హేండిలు పట్టుకుని నిలబడ్డాడు.

"నీ బస్సు ఆ కళరి ముందునుంచే పోతుంది కదా."

"పోతుంది."

"పొద్దుటి పాఠం అయ్యాక తలుపు దగ్గరకి వేసే ఉంచుతారు, తాళం వెయ్యరు. చూశాను."

"కణారేట్టా, అది మోసం కాదా?"

"ఎండిపోయే లోపల రమ్మన్నాడు. తడపొద్దనలేదు," అన్నాడు అతను. తర్వాత కాస్త తగ్గి, "అడిగే తడుపు. ఆయనుంటే అడుగు. కణారన్ పంపాడని చెప్పు. పదికి మూడుసార్లు ఆగుతోందని చెప్పు. ఒప్పుకోకపోతే వచ్చెయ్, ఏమీ అనొద్దు. ఒప్పుకుంటే మాత్రం నీళ్ళు పైన పొయ్యకు మోళే, కుళ్ళిపోతుంది. తడిగుడ్డ కింద పరిచి, దాని మీద ఆకు పెట్టు. తొడిమ కాస్త గిల్లు. నాణెం పక్కకి జరుపు, తుప్పు మరక పడుతుంది. లోపలికి వెళ్ళేటప్పుడు కుడికాలు ముందు పెట్టు."